మల్లి కాలి దారం

అన్నకు, నీ చెల్లెలు నాచ్చియారు దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ మా ఇంటాయనా నలతా గిలతా లేకుండా ఉన్నాము. అక్కడ అమ్మ, వదిన, పిల్లలు, ఈనబోయే ఎర్రావు అందరూ ఎట్లున్నారు? ఒక్క మాట. ఈ ఉత్తరం ఇంట్లో విప్పొద్దు. చేనుగట్టుకు పోయి ఒక్కడివే చదువుకో. కింద గీత గీసినచోట నుంచి మాత్రమే అమ్మకు వినిపించు.

అన్నా, మల్లి ఇక రాదు.

ఈ మాట రాయలేక మూడు కాగితాలు చించాను. నీ తెల్ల పావురం నా కళ్ళముందే చచ్చిపోయింది.

కాపురానికి ఈ మిల్లు ఊరికి నేను బయలుదేరిన రోజు అమ్మ పావురం బుట్ట నా చేతికిచ్చి ఏమన్నదో నీకు గుర్తుందిగా. "కాగితం ఎవురైనా రాస్తారు. నేను నమ్మను. మల్లి వచ్చి గూట్లో వాలిన దినమే నేను రాత్రి కూడు తినేది." సిలోను తేయాకు తోటకు పోయిన మామ చచ్చిపోయాక కూడా 'క్షేమం' అంటూ మూడు ఉత్తరాలు వచ్చాయి కదా, తోటివాళ్ళు జాలిపడి రాసినవి. ఆ దెబ్బ అమ్మ మరవలేదు. మల్లి కాలికి పసుపు దారం తనే కట్టింది. శనివారంనాడు, తెల్లరొమ్ము గరుడుడు ఆకాశంలో కనిపించినప్పుడే వదలమంది. మన ఇళ్ళల్లో విత్తనం చల్లాలన్నా, పిల్లను అత్తింటికి పంపాలన్నా గరుడ దర్శనం కావాల్సిందే కదా.

ఇక్కడ నూలు మిల్లులో, రీలింగు అనే చోట, నాకు నూలు చిలపలు చుట్టే పని ఇచ్చారు. మిల్లు కూతను ఇక్కడ సంగు అంటారు. సంగు ఊదితే లేవడం, సంగు ఊదితే తినడం. తలంతా దూది పొట్టు, ఇప్పుడే నెరిసిపోయినట్టుంటాను. నీళ్ళు మాత్రం తియ్యగా ఉన్నాయి. కొండల సందులోంచి వచ్చే చలిగాలికి పళ్ళు కొట్టుకుంటాయి. ఇక్కడివాళ్ళు పూటపూటా తెల్లన్నమే తింటారు, నాకేమో సజ్జల సంకటి, మన కంబు సంకటి మీదికే మనసు పోతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు పడుల కంబు పంపించు. పగలంతా మిల్లు మరల చప్పుడులో బాగానే గడుస్తుంది, ఇంటికొచ్చాక మా ఇంటాయన వచ్చేదాకా మల్లి ఒక్కటే నాకు మాటాడే తోడుగా ఉండేది.

రెండు శనివారాలు ఆకాశం చూసి చూసి మెడ పట్టేసింది. గరుడుడు రాలేదు. మూడో శనివారం పొద్దున షిఫ్టుకు పోతూ చూద్దును కదా, మిల్లు పొగగొట్టం అంచున పెద్ద పక్షి. తెల్లని రొమ్ము. నా ఆనందం ఏం చెప్పను! పెరుమాళ్ళే పంపించాడని చెంపలేసుకున్నాను. నాతో షిఫ్టుకు వస్తున్న పక్కింటి ఆడవాళ్ళచేత కూడా దండం పెట్టించాను. పరుగున ఇంటికిపోయి బుట్ట తెచ్చి, గోవిందా అని మల్లిని వదిలాను.

మల్లి ఒక చుట్టు తిరిగి, మన ఊరి దిక్కు పట్టింది. ఎంత తెలివైనదన్నా అది! ఆ పక్షి కూడా లేచింది. పైకి, ఇంకా పైకి పోయి చుక్కంత అయింది. దారి చూపిస్తోంది కాబోలు అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య. ఉన్నట్టుండి రెక్కలు ముడుచుకుని రాయిలా పడింది. చీర చింపినట్టు బర్రుమని చప్పుడు. మల్లి ఉన్నచోట తెల్లటి ఈకలు తప్ప ఏమీ లేవు. కిందపడుతున్న దాన్ని నేలకు తగలకముందే మళ్ళీ వచ్చి గోళ్ళతో అందుకుంది. రెప్ప వేసేలోపు అయిపోయింది. నా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

ఆ తర్వాత నేను ఊరుకోలేదులే. రాళ్ళు విసిరాను. నాకు వచ్చిన తిట్లన్నీ తెలుగులో తిట్టాను. గేటు దగ్గర కాపలా ఉండే అందోణి తాత, మన తెలుగే మాటాడే క్రైస్తవుల పెద్దాయన, వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"ఏం పాపా, కరుడన్ అనుకొని దండం పెడితివా? అది వల్లూరు, పావురాల్ని కొట్టే డేగ. వాన కాలం ముగిస్తే వస్తాది, ఎండలు ముదిరితే పోతాది. ఏటేటా ఆ గొట్టం మీద అదే ఇటుక మీద కూచుంటాది. పావురమే దానికి సాపాటు."

"నా పావురమే దొరికిందా తాతా?"

"అది ఆడది పాపా. ఎంతో దూరం నుంచి ఒంటిగా వస్తాది. దానికీ ఆకలే కదా."

ఆ మాటకు ఆయన మీద కూడా మండిపడ్డాను. మర్నాడు పొగగొట్టం కింద ఊడుస్తూ ఆయనకు మల్లి కాలు దొరికిందట. దారం విప్పి, కడిగి, ఆకులో చుట్టి తెచ్చిచ్చాడు. అప్పుడు ఏడ్చానన్నా. తల ఎత్తి చూస్తే పైన ఆ వల్లూరు ఒంటికాలి మీద నిలబడి, చలిగాలికి ఈకలు ఉబ్బించుకుని కునుకుతోంది. కోపం పోలేదు. కానీ రాయి మాత్రం తియ్యలేదు.

ఇక నీతో పని. ఆ దారం ఇందులో పెట్టాను. మల్లి జత ఉందిగా, అదీ తెల్లదే. దాని కాలికి ఈ దారం కట్టు. అమ్మకు పొద్దు వాలితే చూపు ఆనదు కాబట్టి సాయంత్రం మల్లి వచ్చిందని చెప్పి గూటి దగ్గర ఎగరెయ్యి, దారం మాత్రం ఆమె వేళ్ళతో తడిమి చూసుకోనీ. ఆ ముడి తనే వేసింది, పోల్చుకుంటుంది. అమ్మ భయపడింది ఇలాంటి మోసానికే, నాకు తెలుసు. కానీ అన్నా, నేను నిజంగానే బాగున్నాను. దారం నిజంగానే నా దగ్గర నుంచే వచ్చింది. నీ పావురాన్ని పోగొట్టినందుకు నన్ను తిట్టుకో, అమ్మను మాత్రం పస్తు ఉంచకు.

————

అమ్మా, నాచ్చియారును. నీ దీవెనతో పనీ తిండీ కుదిరాయి. ఇంటాయన నన్ను బాగా చూసుకుంటున్నాడు. పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు చెప్పినట్టే శనివారం, ఆకాశంలో పక్షిని చూసి దండం పెట్టి, మల్లిని వదిలాను. వచ్చి వాలిందా? వాలి ఉంటే, ఈ రాత్రి అన్నం తినమ్మా.

నీ కూతురు,
నాచ్చియారు