సాకు

మార్చి 3

ఆసియా జూనియర్ పవర్‌లిఫ్టింగ్ పోటీలకు రెఫరీగా రమ్మని లెటర్ వచ్చింది. ఏప్రిల్‌లో, హైదరాబాదులో. పీటీ టీచర్‌కి మళ్లీ సెలవా అని హెడ్‌మాస్టర్ మొహం ముడుచుకున్నారు. ఇండియా టీమ్ లిస్టులో కావేరి పేరు ఉంది, 57 కిలోల క్లాసు. రాయచూరు దగ్గర మట్మారి పిల్ల. ఎనిమిదో తరగతిలో దాని చేతికి మొదట బార్ ఇచ్చింది నేనే. తర్వాత స్పోర్ట్స్ హాస్టల్ కోచ్‌కి అప్పగించేశాను. కాబట్టి ఇప్పుడు పోటీల్లో దానికి నేను ఎవరినీ కాను. ఈ మాట రాసి, మళ్లీ ఒకసారి చదువుకున్నాను.

మార్చి 9, సాయంత్రం

మట్మారి వెళ్లాను. సెలవుకి వచ్చిన కావేరి, వాళ్లమ్మ హుచ్చమ్మ కలిసి మిరపకాయల సంచులు ట్రాక్టరుకి ఎత్తుతున్నారు. చెరో కొసా పట్టుకుంటారు. సంచి పైన కుదురుకున్నాక హుచ్చమ్మ "సాకు" అంటుంది. కన్నడంలో చాలు అని. అప్పుడే కావేరి చెయ్యి వదలాలి. ముందు వదిలితే అమ్మ నడుం పోతుంది. ఏడేళ్ల వయసు నుంచీ ఇదే అలవాటట.

సింధనూరులో మా ఇంట్లో సాకు అంటే వేరు. కడుపునొప్పి అని బడి ఎగ్గొడితే, "సాకులు చెప్పకే" అని మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఆ సంగతి చెబితే తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు.

రికార్డు కొడితే స్పోర్ట్స్ కోటాలో నౌకరీ ఖాయమని కోచ్ అన్నాడట. "నా బిడ్డ ఆ ఇనుము ఎత్తంగ నేను ఒక్కసారన్న చూడలే మేడం, ఈసారి చూస్త" అంది హుచ్చమ్మ. ముందు వరసలో సీటు నేను చూస్తానన్నాను.

ఏప్రిల్ 12

రేపు కావేరి దిగుతుంది. ముగ్గురు రెఫరీల్లో కుడివైపు కుర్చీ నాది.

ఏప్రిల్ 13, సాయంత్రం 6

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీంచి బార్ ఎత్తి నిలబడడం. మూడో అటెంప్ట్, ఆఖరిది. పాత రికార్డు కంటే అర కిలో ఎక్కువ పెట్టించారు. లేస్తే రికార్డు, గోల్డ్ రెండూ. లేచింది! మోకాళ్లు బిగిశాయి, భుజాలు వెనక్కి వెళ్లాయి. ఇక చీఫ్ రెఫరీ చెయ్యి దించి "డౌన్" అనేదాకా కదలకుండా పట్టుకోవాలి. అంతే పని. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది. ముందు వరసలోంచి హుచ్చమ్మ గొంతు. "సాకు! సాకు బిడ్డా!"

బార్ దిగిపోయింది. దించింది కావేరి కాదు, దాని చేతులు.

ముగ్గురం నొక్కితే గాని లైట్లు వెలగవు. తెలుపైతే ఒప్పు, ఎరుపైతే తప్పు, ఇద్దరిది ఏదైతే అదే తీర్పు. మిగతా ఇద్దరూ నొక్కేశారు, ఏం నొక్కారో తెలియదు. నాకోసం ఆగాయి. హాలంతా గోల. నాకు "డౌన్" వినబడినట్టే అనిపించింది అంటే కాదనేవాళ్లు లేరు. హుచ్చమ్మ అప్పటికే లేచి చప్పట్లు కొడుతోంది. ఎరుపు నొక్కాను.

బోర్డు మీద ఒకటి తెలుపు, రెండు ఎరుపు. నాది తెల్లదైతే రికార్డు.

సిల్వర్ వచ్చింది. ఏడుపు ఆగడం లేదు. రెఫరీ బ్లేజర్ విప్పాకే ఏడ్చాను, అదొక్కటీ నయం.

ఏప్రిల్ 14, ఉదయం

కావేరి నా రూమ్‌కి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఎర్ర లైటు కరెక్టే మేడం అంది. "మా అమ్మకు మాత్రం చెప్పకుర్రి. ఆమె మాటకే దించిన అని తెలిస్తే అన్నం ముట్టదు" అంది. మరి అడిగితే ఏం చెప్పను అన్నాను. "ఏదన్న సాకు చెప్పుర్రి" అంది.

ఆ మాట అనగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఏప్రిల్ 21

హుచ్చమ్మ స్కూలుకి వచ్చింది. గేటు దగ్గరే అందుకుంది. "ఏంది మేడం, గిట్ల చేస్తివి? ఇనుము పట్టించింది నువ్వే, ఎర్ర లైటు ఏసింది నువ్వే." పిల్లలంతా చూస్తున్నారు. మోకాలు సరిగా బిగియలేదమ్మా అన్నాను. "నా బిడ్డ మోకాలు నాకు తెల్వదా?" అంది. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మళ్లీ మోకాలే అన్నాను. రెఫరీగా పధ్నాలుగేళ్లలో ఏ లిఫ్ట్‌కీ తప్పుడు కారణం చెప్పలేదు. ఇదే మొదటిది.

"మొన్నటిదాంక నీ పేరు చెప్పి దీపం పెట్టుకుంటుంటిమి" అని వెళ్లిపోయింది. కోపం వచ్చింది నాకు. ఆమె మీదే. అదీ రాస్తున్నాను.

మే 30

నౌకరీ ఈ ఏడాదికి లేనట్టేనని కోచ్ ఫోన్. తిండి సయించడం లేదని రాస్తే అబద్ధం. బాగానే తింటున్నాను, అదే సిగ్గుగా ఉంది.

ఆగస్టు 24

రాయచూరులో స్టేట్ మీట్. ఈసారి చీఫ్ కుర్చీ నాది. కూర్చోబోతూ వెనక్కి చూశాను. ముందు వరసలో హుచ్చమ్మ, నోట్లో కొంగు కుక్కుకుని. ఎవరి ఫోన్లోనో వీడియో చూసి ఉంటుంది, తన గొంతు తనే విని ఉంటుంది. నన్ను చూసి తల దించుకుంది.

కావేరి ఎత్తింది. నిలబడింది. చెయ్యి దించి "డౌన్" అన్నాను. మూడూ తెల్లవే.

అప్పుడు నా వెనక, చాలా మెల్లగా, "సాకు."