నాడి చూసి ఫిట్ అన్నాడు

శ్రీరాంపూర్, 1987, మంగళవారం

గనిలోకి దిగకుండా పైన తేలిక పని అడిగినందుకు గని డాక్టరు ఈ రోజు నన్ను బల్ల మీదికి ఇరవై సార్లు ఎక్కించి దించాడు. ఊపిరాడక గోడ పట్టుకున్నాను. ఆయన నా మొహం చూడలేదు. నాడి పట్టుకుని గడియారం చూశాడు.

“ఎనభై దాటలే. పడుసు పోరని గుండె నీది. బొగ్గుబాయిల దిగు” అన్నాడు.

“గది బీపీ గోలీ పని సారూ. గుండెను ఉరకనియ్యది. పెద్ద దవాఖాన్ల చెప్పిన్రు.”

“డాక్టర్ నువ్వా, నేనా?”

నేను కదలకపోయేసరికి శుక్రవారం మళ్లీ చూస్తానన్నాడు.

నా ఆయాసాన్ని నమ్మని మనిషి నాడిని నమ్ముతాడట. మూడు రోజులు గోలీ మానేస్తే నాడి ఉరుకుతుంది, ఆయన నోరు మూతపడుతుంది. ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పని, ఒక్క పూట కూడా మానొద్దని పెద్ద దవాఖానాలో మరీ మరీ చెప్పారు...

అన్నం తిని గంటయింది. గోలీ ఇంకా అరచేతిలోనే ఉంది.