రేవులోని నిదానపు చార్జింగు స్తంభాన్ని తీయవద్దని

హెల్‌వోగ్ పురపాలక సంఘం రహదారుల అధికారి గారి సముఖమునకు,

విషయం: పడవల రేవు వద్దనున్న నిదానపు చార్జింగు స్తంభమును తొలగించరాదని, ఎలక్ట్రిక్ కారు వలన నాకు కలిగిన లాభనష్టములు తెలుపుకొనుచు చేయు విన్నపము.

అయ్యా,

రేవు గోడకు తమరు అంటించిన ప్రకటన చదివితిని. నిదానముగా పనిచేయు పాత స్తంభమును తీసివేసి, ఊరి బయట పెద్ద రోడ్డు మీద వేగముగా కరెంటు ఎక్కించు కొత్త యంత్రములు పెట్టెదరని, వాటివలన ప్రజలకు నిరీక్షణ బాధ తప్పునని అందులో ఉన్నది. ఆ బాధను గురించి ఈ క్రింది సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. నేను చేపల ప్యాకింగు కర్మాగారంలో పనిచేసి విరమించినదాన్ని. ఈ కారు మా చెల్లెలు బోర్గిల్డ్ ముచ్చటపడి కొన్నది. కొన్న ఏడాదికే ఆమె కాలం చేసింది. ఇల్లూ, కారూ, నేనూ మిగిలాం. కారు వలన లాభములు లేకపోలేదు. ఖర్చు తక్కువ. పొగ లేదు. ఎంత మంచు పడ్డా ఉదయం మొరాయించకుండా కదులుతుంది.

2. నష్టములు. మన నార్వే చలి ముదిరితే బ్యాటరీ సత్తువ సగం హరించుకుపోతుంది. గుమ్మం దగ్గర ఇంత దూరం పోతానని చూపించి, చర్చి మలుపు దాటేసరికి మాట తప్పుతుంది. మా ఇంటి పాత వైరింగు ఈ కారు దాహానికి తట్టుకోలేదని ఎలక్ట్రీషియను తేల్చినందున, ప్రతి గురువారం నేను రేవుకు రావలసివస్తున్నది. కరెంటు ఎక్కేవరకు కారులోనే కూర్చోవాలి. మొదటి శీతాకాలమంతా అలా ఒక్కదాన్నే కూర్చుని, పడవ దిగేవాళ్ల ముఖాలు చూశాను. వారం మొత్తానికి నేను మనుషులను చూసేది ఆనాడే. ఇంట్లో రేడియో వాళ్లకు జవాబులు చెప్పడం అలవాటైంది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని ఎరుగుదును. రాశాను కనుక ఉండనివ్వండి.

3. పోయిన ఏడు ఆకులు రాలే రోజుల్లో, స్కూలు బస్సు నడిపి విరమించిన ఆముండ్ లెయిర్విక్ అనే ఆయన, స్తంభానికున్న రెండో వైరుకు తన పాత చిన్న కారు తగిలించి వచ్చి నా కారు అద్దం మీద తట్టాడు.

"ఏమ్మా, నీ బండి తాగుతోందా, తాగి పడుకుందా?"

"నీదానికన్నా నయమే. అది కారేనా, అగ్గిపెట్టెకు చక్రాలు బిగించావా?"

"అగ్గిపెట్టేలే. అయినా నీ కాఫీ వాసన దాని లోపలిదాకా వచ్చింది. ఒక కప్పు పోశావంటే పోతాను."

పోలేదు. మరుసటి గురువారం వాఫిళ్లనే గళ్ల అట్లు కాల్చి, మధ్యలో తీపి జున్ను పెట్టి తెచ్చాడు. అప్పటినుంచి ఆయన వాఫిళ్లు, నా ఫ్లాస్కు. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పలేను. రోడ్డు గుంతలు, చేపల ధర, ఎవరు పోయారు, ఎవరు ఇంకా ఉన్నారు. కారు నిండిపోతుంటే నాకు దిగులు వేసేది.

4. ఈ ఫిబ్రవరిలో ఒక గురువారం ఆముండ్ రాలేదు. ఫోను ఎత్తలేదు. గాలివానకు మన దీవికి వచ్చే పడవలు ఆపేశారు. నా కారు ఇంకా సగం కూడా నిండలేదు. అయినా వైరు పీకేసి ఆయన ఇంటికి బయలుదేరాను. ఇంటి తలుపు తీసే ఉంది, మనిషి లేడు. వెనక పడవ పెట్టుకునే కొట్టంలో, మంచు పేరుకున్న నేలమీద జారి పడి ఉన్నాడు. తుంటి విరిగింది. పెదవులు నీలం తిరిగాయి.

"రగ్నా... ఇవాళ గురువారమా?" అన్నాడు.

"గురువారమే. నోరు మూసుకుని కదలకుండా పడుకో."

అంబులెన్సు వాళ్లకు ఫోను చేస్తే, మనిషిని కదిలించవద్దు, వెచ్చగా ఉంచమ్మా, అలలు కాస్త తగ్గగానే అంబులెన్సు పడవ పంపుతామన్నారు. కారును కొట్టంలోకి తెచ్చి, గాలి కొట్టకుండా పెద్ద తలుపులు మూసి, కారు తలుపు ఆయన వైపు తెరిచి హీటరు పూర్తిగా పెట్టాను. పెట్రోలు కారైతే ఆ మూసిన కొట్టంలో పొగకు ఇద్దరమూ పోయేవాళ్లం. దీనిని లాభముల కింద చేర్చుకొనవలెను. నష్టమేమనగా, బ్యాటరీ కళ్లముందే కరిగిపోసాగింది. ఆయన మీద కప్పడానికి గుడ్డేదైనా దొరుకుతుందేమోనని గోడవైపు తిరిగితే, అక్కడ చార్జింగు పెట్టె కనిపించింది. కొత్తది, మెరుస్తోంది. దాని వైరు లాగి నా కారుకు తగిలించాను. వేడి ఆగలేదు.

"ఇంట్లో ఇది పెట్టుకుని, అంత చలిలో రేవుదాకా ఎందుకొచ్చేవాడివయ్యా?"

పళ్లు టకటకలాడుతున్నాయి. అయినా అన్నాడు: "ఈ పెట్టె కాఫీ పోయదుగా."

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెబితే... మరెందుకొస్తున్నావని అడుగుతావు."

నా ఊలు టోపీ తీసి ఆయన తలకు తొడిగాను. చీకటి పడకముందే పడవ వచ్చింది. మనిషి దక్కాడు.

5. కావున తమకు మనవి చేయునదేమనగా, వేగపు యంత్రం దగ్గర కారు ఇలా ఆగి అలా పోతుంది. రాని మనిషి కోసం అక్కడ ఎవరు చూస్తారు? నేను రేవులో పనీపాటా లేకుండా కూర్చుని ఉండబట్టే, ఆయన రాలేదని ఈ దీవిలో ఒక్కరికైనా తెలిసింది. నేను పడిపోయిననాడు తెలియవలసినవాడు కూడా ఆయన ఒక్కడే. ఆ స్తంభం దగ్గరకు వచ్చేవాళ్లందరూ కరెంటు కోసమే రారు. పక్కన బెంచీ వేయమని అడగను, పైన కప్పు అడగను. తమరు తప్పిస్తామంటున్న ఆ నిరీక్షణ బాధను మాకు ఉండనివ్వండి.

ఒంటరి ముసలిదాని చాదస్తమని పక్కన పడవేయక, ఒక గురువారం తమరే రేవుకు వచ్చి చూసి, ఆ పిమ్మట తీర్మానించుకొనవలెనని వేడుకొనుచు, ఇంతమాత్రము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రగ్నా మిక్లెవోల్

తాజా కలం: ఈ కాగితం మడిచాక ఆస్పత్రి నుంచి ఆముండ్ ఫోను చేశాడు. నెలాఖరుకు ఇంటికి పంపుతారట. కారు మాత్రం ఇక నడపకూడదన్నారట.

"మరి గురువారాలు?" అన్నాను.

"మా ఇల్లు నీకు దారిలోనేగా," అన్నాడు.

ఆయన ఇల్లు నాకు దారిలో లేదు. దీవికి అటు కొసన ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "దారిలోనే," అన్నాను. కనుక ఇకమీదట తమ సిబ్బంది వచ్చి చూస్తే స్తంభం దగ్గర ఒక్క కారే కనబడుతుంది. దయచేసి లోపలికి తొంగి చూడమనండి. ఇద్దరం ఉంటాం.