అమ్మ కుట్టిన వరద బొంత

టెక్సస్, శుక్రవారం

చెల్లీ వర్నా, నేను కులాసా, కంగారుపడకు. ఇక్కడి బొంతల ప్రదర్శన చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. గుడ్డముక్కలతో తుఫాను మబ్బులే కుట్టేశారు! తీరా చూస్తే, ఎప్పుడో పోయిందనుకున్న మన అమ్మ వరద బొంత గోడకు వేలాడుతోంది. కింద చీటీ మీద "కుట్టినవారు తెలియదు" అని రాశారు. ఒళ్లు మండిపోయింది.

"తెలియకపోవడమేంటి? మా అమ్మ ఐడెల్లా కుట్టింది! బొంతలోని ఆ వరద నీళ్లన్నీ మా నాన్న చొక్కాల ముక్కలే!" అని అరిచాను.

"రుజువుందా తల్లీ?" అంది అక్కడి నిర్వాహకురాలు.

బొంత ఇంకా మూడు ఊళ్లు తిరుగుతుందట, పేరు లేకుండా! అమ్మ దాన్ని కుడుతున్న ఫోటో బీరువాలో ఉంది, వెంటనే పంపు. పీచ్ జామ్ సీసాల మూతలు బిగించావా? పిల్లలకు నా దీవెనలు. ఇక్కడ ప్రదర్శన ముగిసే ఆదివారం దాకా బొంత పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చినవాళ్లందరికీ అమ్మ పేరు చెబుతుంటాను.

మీ అక్క లవోన్