చిన్న మిషనే కొను

అక్కా,

నువ్వు పంపిన రెండు మిషన్ల ఫొటోలూ చూశాను. నిద్రలో నా ఊపిరి ఆగిపోకుండా గాలి కొట్టే మిషన్ కదా, పెద్దదే కొందాం అంటోంది నీ మరదలు. దానికి నీళ్ళ డబ్బా ఉంది, ముక్కు ఎండిపోదు, చప్పుడూ తక్కువ. అన్నీ నిజమే. కానీ అది సంచిలో పట్టదు కాబట్టి నేనిక ఊళ్ళు తిరగనని ఆవిడ ధీమా.

మొన్న బస్సులో నాకు ఊపిరాడక పక్క సీటాయన కుదిపి లేపినప్పటి నుంచీ నన్ను గుమ్మం దాటనివ్వడం లేదు. "మిషన్ రాని చోటికి మీరూ వెళ్ళొద్దు" అంటుంది. మన దిండ్ల కొట్టుకి సరుకు ఫోన్లో చెప్పి తెప్పిస్తే, దూది బదులు తుక్కు కూరి పంపారు. చేత్తో నొక్కి చూడకుండా దిండు ఎవరైనా కొంటారా చెప్పు.

అందుకే బ్యాటరీతో నడిచే చిన్నదే కొను. ఇంట్లోనూ అదే వాడతాను. ముక్కు ఎండితే ఎండనీ.

ఇంకోటి, ఇది నీ మరదలికి చెప్పకు. డాక్టరు దగ్గర ఆ మిషన్ మాస్కు నాకు పెట్టి చూశారు. పట్టీ బిగించగానే నన్నే దిండు గలీబులో కూరి మూతి కుట్టేసినట్టయింది. వెంటనే పీకేశాను. ఇంట్లో మాత్రం బాగా కుదిరిందని చెప్పాను. పెట్టుకుంటే భయం, మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మిషన్ పార్సిల్లో పంపకు, నువ్వే తీసుకురా. మొదటి రాత్రి నా పక్కనే కూర్చో. నేను పీకేయబోతే చెయ్యి పట్టుకో. నర్సువి కదా, వాడే పద్ధతి చూపించడానికి వచ్చావని ఇంట్లో చెప్తాను.

నీ తమ్ముడు