తిరగేసిన పెళ్లిచీర

ధర్మవరం, ఆదివారం రాత్రి

మాలాగే ఆన్‌లైన్లో చేనేత చీరల ఫోటోలు పెట్టుకునే హిందూపురం సర్వర్ వాళ్లు ఇవాళ మమ్మల్ని అన్‌బ్లాక్ చేశారు! నెల తర్వాత మా పోస్టులు వాళ్లకూ, వాళ్లవి మాకూ మళ్లీ కనిపిస్తున్నాయి. మా సర్వర్లో కొత్తగా చేరినవాళ్లు మరమగ్గం చీరల్ని చేనేత అని పెడుతుంటే, నడిపేవాణ్ణి నేను ఊరుకున్నానని కదా వాళ్ల కోపం. ఫోటో చూసి నాకేం తెలుస్తుంది?

దారి చూపింది ఓబులక్క. ముప్పై ఏళ్లుగా మగ్గం గుంతలో కూర్చున్న మనిషి. "చీర తిరగేసి గూడా ఫోటో పెట్టమనప్పా. ఎనకపక్క చూస్తే మాకు తెలీదా?" అంది. అదే రూల్ పెట్టి, రూల్ తప్పిన పోస్టులు తీసేసే మోడరేటర్‌గా ఆమెనే పెట్టాను.

సాయంత్రం ఆమె మొదట తీసేసింది నా పోస్టే! మా పెళ్లికి నేనే ఏరి కొన్న చీర ఫోటో అది, సర్వర్ మొదలైనప్పటి నుంచీ అన్నిటికంటే పైన ఉండేది. "ఏమప్పా, రూలు నీకు లేదా?" అని అందరి ముందే అడిగింది. తిరగేసి పెట్టాను. చూసి, మరమగ్గమేనని తేల్చేసింది.

"సొంతోళ్లనే వదల్లేదంటే ఇంగ మాకేం భయం లేదప్పా" అని హిందూపురం నుంచి మెసేజ్. అప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాను.

నా భార్య సుజాత కూడా మా సర్వర్లోనే ఉంది. ఇంకా ఫోన్ చూడలేదు. రేపు చెల్లెలి నిశ్చితార్థానికని ఆ చీరే ఇస్త్రీ చేసి పెట్టుకుంది.