గజేందర్ సెలవు

క్యాంప్ ఆఫీసు మధుసూదన్ సారుకు రామదాసుడి దండాలు.

వరల్డ్ కప్ జనం ఎడారి దాటి ఖతర్‌లో అడుగుపెట్టగానే మా క్యాంపున్న సరిహద్దు ఊరే కనబడుతుంది. అందుకని ఇక్కడ సంసారాలున్నట్టు చూపాలని కంపెనీ జనాభా లెక్క రాయించింది. ఆడమనిషి లేని కూలీల క్యాంపులో సంసారాలు! మా గదికి నన్ను యజమానిగా రాశారు. వంట చేస్తాడని గజేందర్‌ను నా భార్యగా రాశారు. మీసాలున్నవాడు సార్! కలికాలం గాక ఇదేమిటి?

ఇప్పుడతను సెలవడిగితే మీ ఆఫీసువాళ్ళు భర్త అనుమతి తెమ్మన్నారు.

"స్వామీ, నా పెండ్లానికి నెలలు నిండినయ్. నువ్వు సంతకం పెడితెనే పంపుతరట" అని ఏడ్చాడు.

"మనకు పెండ్లెప్పుడైందిరా?" అని గద్దించాను.

"నాకేం ఎరుక? ఆఫీసుల అయిందట."

సప్తపది లేనిది పెళ్ళే కాదంటుంది శాస్త్రం. నా రాముడు ఏకపత్నీవ్రతుడు, నాకు మన దేశంలో భార్య విజయరాణి ఉంది. ఈ అధర్మాన్ని కొట్టేయమంటే, వరల్డ్ కప్ అయ్యేదాకా లెక్క మార్చేది లేదన్నారు మీరు. పుట్టే బిడ్డ అప్పటిదాకా ఆగుతుందా సార్?

కాబట్టి రాముడి సాక్షిగా రాసిస్తున్నాను. నా భార్య గజేందర్ తన భార్య పురిటికి వెళ్ళడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఇట్లు,
గజేందర్ భర్త